చుట్టప్పాలు

హన్మవ్వ ఒక పని మీద బయల్దేరిందంటే దారిలో బస్సు చెడిపోయినా, వాన పడ్డా, కోడలు ఫోన్ చేసినా ఆగే మనిషి కాదు. ఆ సంగతి పుష్పలతకు కాపురానికి వచ్చిన కొత్తలోనే తెలిసింది. ఇన్నేళ్లలో అత్త మొండితనాన్ని చూసి నవ్వుకుంది, విసుక్కుంది, అవసరమైనప్పుడు వాడుకుంది కూడా. దానికి భయపడాల్సిన రోజు ఒకటి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆ పొద్దు అత్తాకోడళ్లిద్దరూ ఒకేసారి ఇల్లు కదిలారు. వాళ్ల ఊరు బోధన్ దాటాక సాలూర పోయే దారిలో, చెరుకు తోటల మధ్య ఉంటుంది. హన్మవ్వ మంజీర వంతెన దాటి, మహారాష్ట్రలో ఉన్న కూతురు రుక్మాబాయి ఇంటికి పోయింది. పుష్పలత కుందేళ్ల టీకా మందు కోసం నిజామాబాద్ పోయింది. రుక్మాబాయి షెడ్డులో కుందేళ్లు చస్తున్నాయి. మాపటి మేత తిన్నవి తెల్లారేసరికి మెడ వెనక్కి విరుచుకుని, ముక్కు దగ్గర నెత్తుటి బొట్టుతో పడి ఉంటున్నాయి. పెద్దవి ఎలాగూ దక్కవు, పిల్లల్నైనా తెచ్చుకుందామని హన్మవ్వ వెదురు గంప చంకన పెట్టుకుని బయల్దేరింది.

గంప ఎందుకో తెలియాలంటే చుట్టప్పాల సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కింద ఇదే రోగం ఈ దిక్కుకు మొదటిసారి వచ్చినప్పుడు షెడ్లకు షెడ్లు ఊడ్చుకుపోయాయి. అప్పుడు ఒక వింత అందరి కంటా పడింది. పెద్ద కుందేళ్లన్నీ చచ్చినా, కళ్లు తెరవని పాలపిల్లలు మాత్రం పెట్టెల్లో దర్జాగా కదులుతున్నాయి. రోగం వాటిని ముట్టలేదు. కానీ పాలిచ్చే తల్లే పోయాక ఆ పసిగుడ్లు ఎట్లా బతుకుతాయి? ఉపాయం పుష్పలతకే తట్టింది. తల్లిలేని పిల్లల్ని గంపలో వేసుకుని, రోగం లేని చుట్టాల షెడ్డుకు తీసుకుపోయి, అక్కడ ఈనిన కుందేలు కింద వేయడం. కుందేలు వాసన పట్టి పరాయి పిల్లను కొరికేస్తుంది కాబట్టి, ముందు ఆ కుందేలు గూట్లో రాల్చుకున్న బొచ్చు తెచ్చి పిల్లల ఒంటికి బాగా రుద్దడం. పాలు మరిచాక పిల్లల్ని మళ్లీ వాళ్ల ఇంటికే సాగనంపడం. అట్లా ఖాళీ అయిన షెడ్లు తిరిగి నిండాయి. చుట్టాలింటి పాలు కాబట్టి ఆడవాళ్లు దానికి చుట్టప్పాలు అని పేరు పెట్టుకున్నారు. సాలూర నుంచి ఇందల్వాయి దాకా కుందేళ్లు పెంచే ఇళ్లలో అదొక ఆచారమై కూర్చుంది. అడిగితే కాదనకూడదు. అడగకముందే గంప పంపితే ఇంకా మర్యాద. మహిళా సంఘం వాళ్లు బోధన్‌లో మీటింగు పెట్టి, పుష్పలతను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆ శాలువాను ఇప్పటికీ హన్మవ్వే కప్పుకుని ఊళ్లు తిరుగుతుంది, అది వేరే సంగతి.

నిజామాబాద్ పశువుల దవాఖానాలో డాక్టర్ మధుకర్ పుష్పలతను చూడగానే కుర్చీ చూపించాడు. ఆయనకు ఆమె అంటే గౌరవం. కుందేళ్లు పెంచుతామని ఎవరు వచ్చినా, ముందు పుష్పలత షెడ్డు చూసి రండి అంటాడు. ఎందుకంటే ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ విత్తనం, అంటే పెంచుకునే కుందేలు జతలు, పోయేది ఆ షెడ్డు నుంచే. అదొక్కటి నిలిస్తే ఎన్ని షెడ్లు పడిపోయినా మళ్లీ లేపుకోవచ్చు. అదే పోతే ఎవరింట్లోనూ ఏమీ మిగలదు. ఈ మాట డాక్టరుకు తెలుసు, పుష్పలతకు ఇంకా బాగా తెలుసు.

ఆమె ఆ రోజు మంచి హుషారు మీద ఉంది. ఆడబిడ్డ షెడ్డులోని కుందేలు పిల్లలు మాపటికల్లా తన షెడ్డుకు వస్తున్నాయని, ఈసారి ఒక్కదాన్ని కూడా పోనివ్వనని గడగడా చెప్పేసింది. మందు సీసాలు అందివ్వబోతున్న డాక్టర్ చేయి అక్కడే ఆగింది. రుక్మాబాయి ఉండే నాందేడ్ వైపు పనిచేసే స్నేహితుడొకాయన ఇంతకుముందే ఫోన్ చేశాడనీ, అక్కడ చచ్చిన కుందేళ్ల పరీక్ష ఫలితం వచ్చిందనీ, ఆమెకు తానే ఫోన్ చేద్దామనుకుంటున్నాననీ మెల్లగా చెప్పుకొచ్చాడు. రోగం పాతదే కానీ వేషం మార్చిందట. ఇప్పటిదాకా వేస్తున్న టీకా దాన్ని సరిగా ఆపలేకపోతోందట.

"ఇంకొకటి ఉందమ్మా," అన్నాడు. "ఈ కొత్తది పాలపిల్లల్ని కూడా వదుల్తలేదు. చూస్తే మంచిగనే కనిపిస్తయ్, లోపల మాత్రం రోగం ఉంటది. ఎక్కడికి తీస్కపోతే అక్కడ అంటిస్తయ్."

పుష్పలతకు ఆ మాట మొదట తలకెక్కలేదు. ఎక్కేసరికి కుర్చీలోంచి లేచి నిలబడింది. పిల్లల్ని రోగం ముట్టదన్న ఒక్క ధైర్యం మీదే కదా చుట్టప్పాలు నడిచేది. ఆ ధైర్యం పోయాక గంపలో పిల్లల్ని తేవడమంటే రోగాన్ని పల్లకీ ఎక్కించి ఇంటికి తెచ్చుకోవడమే. ఆ పల్లకీ ఈ పాటికి మంజీర దాటి ఉంటుంది. దాన్ని మోస్తున్నది హన్మవ్వ.

టీకా సంగతి అక్కడే వదిలేసి పుష్పలత రోడ్డు మీదికి పరుగెత్తింది. నడుస్తూనే అత్తకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. హన్మవ్వ ఫోన్ ఎప్పుడూ సంచి అడుగున, వక్కాకుల పొట్లం కింద ఉంటుంది. అది మోగితే పక్కవాళ్లదేమోననుకుని వాళ్ల వైపు కోపంగా చూడటం ఆమెకు అలవాటు. ఇరుగుపొరుగుకు చేస్తే అందరూ చెరుకు నరికే పనిలో తోటల్లో ఉన్నారు, ఇళ్లకు తాళాలు. చివరికి రుక్మాబాయికి చేసింది. అమ్మ బయల్దేరి చాలా సేపయిందని చెప్పి రుక్మాబాయి ఒక్కక్షణం ఆగింది. గొంతులో ఏడుపు ఉంది, ఏడుపు వెనక సంతోషం కూడా ఉంది.

"వదినా, నా షెడ్ల ఇగ ఏం లేదు. ఉన్నదంత గా గంపల్నే పెట్టి పంపిన. నీ దగ్గర బతుకుతయ్. నాకు గదే ధైర్యం."

పుష్పలత సరే అని పెట్టేసింది. ఏం సరే, ఎట్లా సరే, ఆమెకే తెలియదు.

బోధన్ బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని ఎండ వంక చూసింది. ఆమె షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పిల్లలున్న పెట్టెల తలుపులు పగలంతా మూసే ఉంచుతుంది. కుందేలు రోజుకు ఒక్కసారే పాలిస్తుంది, అందుకని ఎండ చల్లబడ్డాక తలుపులు తీస్తే తల్లులు ఎగిరి లోపలికి దూకి, పిల్లలకు పాలిచ్చి బయటికి వస్తాయి. చుట్టప్పాల పిల్లల్ని కలిపేది కూడా అప్పుడే. హన్మవ్వ ఈ పద్ధతి తప్పదు. ఇంటికి ముందే చేరినా ఎండ వాలేదాకా ఆగుతుంది. అంటే పుష్పలతకు ఉన్న వ్యవధి ఆ ఎండ ఉన్నంతసేపే. జీవితంలో మొదటిసారి ఆమె ఎండ ఇంకా కాయాలని కోరుకుంది.

బస్సు జానకంపేట దాకా బాగానే పోయింది. ఎడపల్లి దగ్గర నిలబడిపోయింది. ముందు చెరుకు ట్రాక్టర్ల వరుస కనుచూపు మేర ఉంది. ఎక్కడో ఒక ట్రాలీ తిరగబడి చెరుకంతా రోడ్డుకు అడ్డం పడిందట. బస్సులో వాళ్లు దిగి, పడిన చెరుకులోంచి తలా ఒక గడ తెచ్చుకుని తీరుబడిగా నమలడం మొదలుపెట్టారు. పుష్పలతకు ఒళ్లు మండింది. భర్త దేవిదాస్‌కు ఫోన్ చేసింది. ఆయన కూడా ఫ్యాక్టరీకి చెరుకు తోలుతున్నాడు. ఎక్కడున్నావంటే ఎడపల్లి దగ్గర ఇరుక్కున్నానని, ఎవడో తెలివిమంతుడు ట్రాలీ బోల్తా కొట్టించాడని నవ్వుతూ చెప్పాడు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి చూసింది. నాలుగు ట్రాక్టర్ల అవతల, చెరుకు మోపు పైన కూర్చుని, ఫోన్ చెవిన పెట్టుకుని కాళ్లూపుతున్నది తన మొగుడే.

ఆమె బస్సు దిగి చెరుకాకు మీదుగా జారుతూ, ట్రాలీల మధ్య దూరుతూ పోయి ఆయన ముందు నిలబడింది. దేవిదాస్‌కు భార్య ఆకాశం నుంచి ఊడిపడ్డట్టయింది. సంగతి వినగానే నవ్వు మాయమైంది. తాను పోయి చెప్పినా వాళ్లమ్మ వినదని, ఆడవాళ్ల పనిలో నీకేం తెలుసని తరిమేస్తుందని ఆయనకు బాగా తెలుసు. ట్రాక్టరు తాళం, మోటరుసైకిలు మీద వచ్చి వెనక ఆగిన తోటి డ్రైవరుకు ఇచ్చి, అతని బండి తీసుకున్నాడు. పుష్పలత వెనక ఎక్కి కూర్చునేలోపే బండి పొలం గట్టు మీదికి దూకింది.

దేవిదాస్ పెళ్లినాడు కూడా అంత హడావిడిగా పోలేదు. గట్టు దాటి, కాలువ కట్ట ఎక్కి, మళ్లీ రోడ్డు మీద పడి, శక్కర్‌నగర్ పక్కనుంచి బోధన్‌లోకి దూసుకుపోయారు. మహారాష్ట్ర బస్సు వాళ్ల ఊళ్లో ఆగదు, హన్మవ్వ బోధన్‌లో దిగి ఆటోలో వెనక్కి రావాలి, అందుకే దారిలో కనబడ్డ ప్రతి షేరాటోలోకీ పుష్పలత మెడ సాచి చూసింది. ఆచన్‌పల్లి దాటాక ఒక ఆటోలో ఆ శాలువా రంగు కనబడింది. బండిని అడ్డం పెట్టించి, ఆటోలోకి తల దూర్చి, అత్తా అని గట్టిగా పిలిచింది. లోపల ఎవరో ముసలామె మనవణ్ణి పొదువుకుని హడలిపోయి చూసింది. పుష్పలత ఆమెకు దండం పెట్టి మళ్లీ బండెక్కింది. ఎండ అప్పటికే పసుపు రంగుకు తిరిగింది.

వాళ్ల ఇల్లు, షెడ్డు ఒకే ఆవరణలో ఉంటాయి. బండి ఆగకముందే పుష్పలత కిందికి దూకింది. షెడ్డు తలుపు దగ్గర రాతి మీద హన్మవ్వ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్లో గంప ఉంది. పక్కన తీసిన తాళం, తాళంచెవి. తలుపు గొళ్లెం ఉందో తీసి ఉందో దూరం నుంచి తెలియడం లేదు.

"అత్తా, లోపలికి పోయినవా?"

హన్మవ్వ తలెత్తి కోడలి చెదిరిన జుట్టును, చీరకు అంటుకున్న చెరుకాకును ఎగాదిగా చూసింది. "యాడ పోయిన? బొచ్చు రుద్దకముందు అడుగు పెట్టొద్దని నువ్వే సెప్పితివి గదా. ఇంక మూడు పిల్లలకు రుద్దేదున్నది."

గొళ్లెం వేసే ఉంది. పుష్పలత అక్కడే నేల మీద చతికిలబడింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. తాను ఎప్పుడో నేర్పిన పద్ధతిని అత్త అక్షరం పొల్లు పోకుండా పాటిస్తూ కూర్చోబట్టి షెడ్డు బతికింది. ఇంకో మూడు పిల్లలకు బొచ్చు రుద్ది ఉంటే అంతా అయిపోయేది.

కాస్త ఊపిరి తీసుకుని, దగ్గరికి పోకుండానే, డాక్టర్ చెప్పిందంతా చెప్పింది. హన్మవ్వ వింటూనే ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుని చూపించింది. గుండ్రంగా, నున్నగా, పాలు తాగిన పొట్టతో కదులుతోంది. దీనికా రోగం అన్నట్టు చూసింది. డాక్టర్లు పూటకో మాట చెబుతారని, పోయినసారి ఇట్లాంటి పిల్లలే ఎన్ని షెడ్లు నిలబెట్టాయో నీకు గుర్తులేదా అని అడిగింది. పుష్పలత తల ఊపింది కానీ దగ్గరికి రాలేదు. కోడలు కదలకపోవడం చూశాక హన్మవ్వ ముఖంలో నమ్మకం కొంచెం కొంచెంగా జారిపోయింది.

"అయితే ఏం జెయ్యమంటవ్? మంజీరల ఇడిసి రమ్మంటవా? రుక్మ బిడ్డలియ్యి. నా చేతులల్ల పెట్టి, దండం పెట్టింది."

గంపను లోపలికి రానిస్తే షెడ్డు పోతుంది, షెడ్డుతో పాటు ఎన్నో ఊళ్ల విత్తనం పోతుంది. వెనక్కి పంపితే పిల్లలు పాలు లేక చస్తాయి, రుక్మాబాయి ఇంకెప్పుడూ వదినా అని పిలవదు. దేవిదాస్ బండి దగ్గరే నిలబడి ఒకసారి తల్లిని, ఒకసారి పెళ్లాన్ని చూస్తున్నాడు. పిల్లలు లోపలికి రాకూడదు, సరే. తల్లి బయటికి పోవచ్చు కదా. ఆ ఆలోచన రాగానే పుష్పలత లేచి నిలబడింది. ఆ వెంటనే, ఏ తల్లిని పంపాలో కూడా తెలిసిపోయింది.

ఆ షెడ్డులో దొరసాని అని ఒక తెల్ల కుందేలు ఉంది. ముక్కు పైకెత్తి, ఎవరో తనకు బాకీ పడ్డట్టు చూస్తుంది కాబట్టి హన్మవ్వ దానికా పేరు పెట్టింది. షెడ్డులో సగం కుందేళ్లు దాని కూతుళ్లు, మనవరాళ్లే. మిగతావి ఎంత బొచ్చు రుద్దినా పరాయి పిల్లను ఒకటికి రెండుసార్లు వాసన చూస్తాయి, ఒక్కోసారి కొరుకుతాయి. దొరసాని మాత్రం ఎవరి పిల్లలనీ అడగదు. పడుకుని పాలిస్తుంది. ఇప్పటిదాకా చుట్టప్పాలకు వచ్చిన పిల్లల్లో ఎక్కువ పెరిగింది దాని కిందే. హన్మవ్వ పొద్దున పోతూ సంచిలో పెట్టుకుని, ఇప్పుడు రుద్దుతున్న బొచ్చు కూడా దానిదే. కొత్త చోట, కొత్త పిల్లలతో, పెట్టిన పూటే పాలిచ్చే కుందేలు అదొక్కటే. పోతే తిరిగి రాదని తెలిసి, షెడ్డు మొత్తంలో ఎక్కువ ఇష్టమైనదాన్నే పంపాల్సి వచ్చింది.

కాలువ అవతల వాళ్ల చెరుకు తోటలో మోటరు గది ఉంది. గంప అక్కడికి పోవాలి, దొరసాని అక్కడికి పోవాలి అని పుష్పలత చెప్పింది. దాని సొంత పిల్లల్ని షెడ్డులోనే మిగతా తల్లుల కింద సర్దుతానంది. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

హన్మవ్వే ముందు గ్రహించింది. తన చీర వంక, చేతుల వంక, కూర్చున్న రాయి వంక చూసుకుంది. "నేను గా షెడ్ల తిరిగి వస్తిని. నేను సుత రావద్దా?"

"రావద్దు అత్తా. ఇంట్లకు సుత రావద్దు."

ఆ ఇంటికి ఇటుకలు మోసింది హన్మవ్వ. ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ పడుకోవాలో, ఏ కూర వండాలో ఇప్పటికీ చెప్పేది ఆమే. హన్మవ్వ కొడుకు వైపు చూసింది. దేవిదాస్ తన కాలి బొటనవేలిని ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు. హన్మవ్వ గంపను నడుముకు ఆనించుకుని లేచింది.

"నా మంచం పంపు. వక్కాకు సంచి ఇయ్యాల్టిది నడుస్తది, రేపటికి కొత్తది పంపు. పొద్దుగాల్ల చాయ లేకుంటే మాత్రం నాతోని గాదు." అంతే. కాలువ మీది చెక్క దాటి చెరుకులోకి పోయింది, వెనక్కి చూడలేదు.

పుష్పలత కాళ్లు చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, ఇంట్లోంచి ఉన్న పక్క తలుపు గుండా షెడ్డులోకి పోయి దొరసానిని ఎత్తుకుంది. అది తన మామూలు చూపు చూసింది. బోనుతో సహా తీసుకుపోయి కాలువ గట్టు మీద పెట్టి, తాను వెనక్కి జరిగాక, హన్మవ్వ వచ్చి ఎత్తుకుపోయింది. ఆ తర్వాత పుష్పలత రాతి మీద బ్లీచింగ్ పౌడరు గుమ్మరించింది, చుట్టూ సున్నం పోసింది, తాళాన్నీ తాళంచెవినీ మందునీళ్ల బకెట్లో ముంచింది. కాసేపటికి చెరుకులోంచి హన్మవ్వ గొంతు వినబడింది. దొరసాని పడుకుందట. అన్నిటికీ పాలిస్తోందట. ఆ మాట చెప్పడంలో అంత గర్వం, ఆ పాలేవో తానే ఇస్తున్నట్టు ఉంది.

ఎండ పోయేలోపే పుష్పలత మహిళా సంఘం గ్రూపులో మాట రికార్డు చేసి పెట్టింది. చుట్టప్పాలు ఆపండి, దారిలో ఉన్న గంపల్ని ఉన్నచోటే ఆపండి, పిల్లలకు కూడా రోగం ఉంటుంది అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఇక చూడాలి. ఆచారం నేర్పిందీ నువ్వే, నీ షెడ్డు దాకా వచ్చేసరికి వద్దంటున్నదీ నువ్వేనా అని ఒకామె. అడిగినవాళ్లకు లేదంటే పాపమని ఇంకొకామె. కమ్మర్‌పల్లి నుంచి ఎవరో ఏడ్చారు. ఇందల్వాయిలో ఒకామె గంప సర్ది ఆటో కోసం రోడ్డు మీద నిలబడి ఉండగా ఈ మాట విని, తిట్టుకుంటూనే ఇంటికి తిరిగిపోయింది. తిట్టినా సరే, గంపలు ఆగాయి. పుష్పలతకు అదే పదివేలు.

ఊళ్లో మాత్రం కథ వేరేగా పాకింది. పుష్పలత ముసలి అత్తను ఇంట్లోంచి వెళ్లగొట్టి చెరుకు తోటలో పడేసిందని బోరింగు దగ్గర చెప్పుకున్నారు. ఒకరిద్దరు హన్మవ్వను ఓదార్చడానికి కాలువ దాకా పోయారు. హన్మవ్వ చేతికర్ర ఊపి, వచ్చారంటే కాళ్లు విరగ్గొడతానని అరిచి పంపేసింది. దాంతో కొత్త కథ పుట్టింది, ముసలామెకు మతి పోయిందని.

ఇక ఆ రోజులు ఎట్లా గడిచాయో పుష్పలతకే తెలియాలి. రోజూ పొద్దున షెడ్డు తలుపు ముందు నిలబడి, ముందు చెవి ఆనించి వినేది. తీయగానే బోన్లన్నిటిలో చెవులు నిక్కబొడుచుకుని లేచేవి. ఆ చెవుల వరుస చూసి ఆమెకు గంతులెయ్యాలనిపించేది. ఒకనాడు మూల బోనులో ఒక పోతు లేవలేదు. ఆమె దగ్గరికి పోతే, అది దాణా తొట్టిలో తల పెట్టి నిద్రపోతోంది. పుష్పలత దాన్ని పట్టుకుని ముద్దు పెట్టుకుంది, అది గోకింది. అయినా ఆ రోజంతా ఆమె నవ్వుతూనే ఉంది.

దేవిదాస్ పూటకోసారి అన్నం, చాయ తీసుకుపోయి కాలువ గట్టు మీద పెట్టి వచ్చేవాడు. హన్మవ్వ అవతలి నుంచి సమాచారాలు అరిచి చెప్పేది. మొదట్లో అన్నీ మంచివే. తర్వాత ఒక పొద్దున రెండు పిల్లలు చచ్చాయంది. మరునాడు ఇంకొన్ని. వాటిని సున్నం వేసి లోతుగా పూడ్చానంది. డాక్టర్ చెప్పింది నిజమేనని ఆమె నోటితో ఒప్పుకోలేదు కానీ, ఆ రోజు నుంచి కొడుకును గట్టుకు ఇంకా దూరంగా నిలబడమంది. దొరసాని మాత్రం మేత తింటోందని, ముక్కు పైకెత్తుకునే ఉందని ప్రతిసారీ చివర్లో చెప్పేది. టీకా దానికి కొంచెమైనా పనిచేస్తోందేమోనని పుష్పలత లోలోపల ఆశపడింది.

డాక్టర్ మధుకర్ కొత్త చెప్పులతో, కొత్త బట్టలతో వచ్చి షెడ్డులోని కుందేళ్ల నెత్తురు తీసుకుపోయాడు. ఫలితం వచ్చేదాకా పుష్పలత ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. చివరికి ఆయన ఫోన్ వచ్చినప్పుడు ఆమె కుందేళ్లకు గడ్డి కోస్తోంది. షెడ్డు శుభ్రంగా ఉందని, ఏ ఒక్కదానికీ రోగం లేదని, ఇక ఊళ్లన్నిటికీ మళ్లీ ఇక్కడి నుంచే విత్తనం ఇవ్వొచ్చని ఆయన చెప్పాడు. చెబుతూ ఆయన కూడా చిన్నపిల్లాడిలా నవ్వాడు.

పుష్పలత కొడవలి అక్కడే పడేసి పరుగెత్తింది. ఈ మాట ముందు చెప్పాల్సింది ఒక్కరికే. కాలువ గట్టు చేరకముందే అరవడం మొదలుపెట్టింది. "అత్తా, మన షెడ్డుకు ఏం గాలేదట. అన్నీ మంచిగున్నయట. ఇనబడుతుందా అత్తా?"

హన్మవ్వ మోటరు గది ముందు మంచం మీద కూర్చుని ఉంది. విన్నది. తల ఊపింది. ఆమె పక్కన మంచం మీద, పాత తువ్వాలలో చుట్టిన తెల్లటి ఒళ్లు ఒకటి ఉంది. మెడ వెనక్కి విరిగి ఉంది. ఒళ్లో రెండు పిల్లలు మాత్రం కదులుతున్నాయి.

పుష్పలతకు సంతోషం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అన్నాళ్లు ఒంటరిగా, ఒక్కొక్క పిల్లను పూడ్చుకుంటూ ఆ ముసలామె ఎట్లా కూర్చుందో అప్పుడు కళ్ల ముందు కట్టినట్టు కనబడింది. పోయి ఆ భుజం పట్టుకోవాలి అనిపించింది, అంతకు మించి ఇంకేం తోచలేదు. చెక్క దాకా పోవాలని కూడా లేకుండా కాలువలోకే కాలు పెట్టింది.

"ఆడనే ఆగు."

పుష్పలత ఆగలేదు. రెండో కాలు కూడా పెట్టింది. హన్మవ్వ చేతికర్ర ఎత్తింది. ఈసారి గొంతు పగిలింది.

"ఇటు రాకు బిడ్డా. ఏడుస్తే ఆడ నిలవడి ఏడువు. గిన్ని దినాలు నేను గిందుకేనా ఈడ కూసున్నది?" కొంచెం ఆగి, మామూలు గొంతు తెచ్చుకుని చెప్పింది. "రుక్మకు ఫోన్ జెయ్యి. రెండు మిగిలినయని సెప్పు."

పుష్పలత నీళ్లలోంచి వెనక్కి వచ్చి, గట్టు మీద నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. అవతల హన్మవ్వ కూడా ఏడ్చింది, కానీ పాలలో ముంచిన దూది ఒత్తిని పిల్ల నోట్లోంచి తీయలేదు.